గంటంపావు దూరం

కళ్ళద్దాల షాపు వెనక గది,
జనవరి, సోమవారం

బావా,

ఫోన్ చేస్తే అక్క నీ చేతిలోంచి రిసీవరు లాక్కుంటుంది. నీతో రెండు ముక్కలు మాట్లాడాలంటే నాకు ఉత్తరమే గతి. నిలబడి ఉంటే కూర్చో. కూర్చుని చదువు.

నాకు పెళ్ళి కుదిరింది.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు. నలభై మూడేళ్ళ బ్రహ్మచారికి పిల్లనిచ్చిన మహానుభావుడు ఎవడా అని నీకు అనుమానం వస్తుంది. ఎవరూ ఇవ్వలేదు. ఆవిడే వచ్చింది. మా షాపుకి ఎదురుగా, రోడ్డు అవతల, పళ్ళ డాక్టరు. ఒకే ఫ్రేము నెలలో మూడుసార్లు విరగ్గొట్టుకుని వచ్చింది. మూడుసార్లూ నేను ఎంతో శ్రద్ధగా అతికించి, జాగ్రత్తగా వాడుకోండి అని నీతులు చెప్పి పంపించాను. నాలుగోసారి ఆవిడే విసుగెత్తి, "ఏమండీ, అద్దాలు అమ్మేవాళ్ళకి ఎదురుగా ఉన్నది కనపడదా?" అంది. అప్పుడు వెలిగింది.

మార్చి ఆఖరి శుక్రవారం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. హంగూ ఆర్భాటం ఏమీ లేవు. ఆవిడ నాన్నగారు చక్రాల కుర్చీలో ఉంటారు, ఊరు కదలలేరు, కాబట్టి ఇక్కడే చేసుకోవాలి. నాకు కావలసింది ఒక్కటే. అక్క వచ్చి నా పక్కన నిలబడాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. ఆవిడ లేకుండా నేను సంతకం పెట్టను. ఈ మాట డాక్టరుకి కూడా చెప్పేశాను.

ఇన్నేళ్ళూ ఏటా నేనే మీ దగ్గరికి వచ్చాను. ఈ ఒక్కసారి మీరు రండి. దేశం వేరేమో గానీ దూరం ఎంతని? విమానంలో నాలుగు వందల డెబ్భై కిలోమీటర్లు, గంటంపావు. నువ్వు గడ్డం గీసుకుని మొహం తుడుచుకునే లోపల వచ్చేస్తారు.

అక్కకి నువ్వే చెప్పు. నేను చెబితే ఆవిడ ఏడుస్తుంది, ఆవిడ ఏడిస్తే నేనూ ఏడుస్తాను. ఆ ఏడుపుకి ఫోన్ బిల్లు ఎవడు కడతాడు?

నీ బావమరిది

*

అయిదో అంతస్తు,
ఫిబ్రవరి

బావమరిదికి, బావ అనేవాడొకడు ఉన్నాడని గుర్తు చేస్తూ,

నవ్వలేదురా. నిజం. కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను, అంతే. మా చెల్లెమ్మకి ఓపిక ఎక్కువని అర్థమైంది. ఒకే ఫ్రేముని నాలుగుసార్లు బలిపెట్టాక కూడా మనసు మార్చుకోలేదంటే ఆవిడ మామూలు మనిషి కాదు.

మీ అక్కకి చెప్పాను. అయిదంతస్తులూ దిగి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ అయిదంతస్తులూ ఎక్కి వచ్చి, అప్పుడు వంటింట్లో నిలబడి ఏడ్చింది. లిఫ్టు మెకానిక్ పెళ్ళానికి ఈ మెట్ల బాధ ఏమిటే అంటే ఎప్పుడూ చెప్పే మాటే, వ్యాయామం అంటుంది.

ఇక నీ గంటంపావు సంగతి. ఆ గంటంపావు ఎవరు చెప్పారు నీకు? టికెట్లు అమ్మేవాడా? వాడు గాల్లో ఉన్న సేపే లెక్కపెడతాడు. మనం గాల్లో కాపురం ఉండటం లేదు కదా! ఇంటి దగ్గర బయల్దేరి విమానాశ్రయం చేరడానికి రెండు గంటలు, దారిలో వంతెన పని జరుగుతోంది కాబట్టి మరో అరగంట. మూడు గంటల ముందే రమ్మంటారు. వెళ్ళాక బెల్టు విప్పమంటారు, చెప్పులు విప్పమంటారు, నా పనిసంచీ చూశారంటే నన్నే విప్పదీస్తారు. అక్కడ దిగాక పాస్‌పోర్టు వరస. ఆ పైన పెట్టె కోసం తిరిగే బల్ల చుట్టూ పడిగాపులు. తర్వాత మీ ఇల్లు ఊరికి ఆ చివర. ఇదంతా కూడితే పొద్దు పొడిచేటప్పుడు బయల్దేరినవాళ్ళం పొద్దుగూకాక వస్తాం. పైగా మీ దేశం గడియారం మా కన్నా గంట ముందు. ఆ గంట ఎవడు మింగేశాడో కూడా నాకు తెలియాలి.

దీన్ని నువ్వు గంటంపావు అంటే నేను ఒప్పుకోను.

రామని అనడం లేదు. మార్చి నెలాఖరుకి మాకు లిఫ్టుల వార్షిక తనిఖీ. మొత్తం బిల్డింగులన్నీ నా నెత్తి మీదే. పెళ్ళి మే నెలకి జరిపితే బాగుంటుంది. ఇన్నేళ్ళు ఆగినవాడివి, రెండు నెలలు ఆగలేవా?

మీ బావ

*

కళ్ళద్దాల షాపు,
మార్చి

బావా,

తారీఖు మే నెలకి మార్పించాను. రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా నన్నొక చూపు చూశాడు. అమ్మాయి పారిపోయిందనుకున్నట్టున్నాడు.

నీ లెక్క డాక్టరుకి చదివి వినిపించాను. విని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఉత్తరం తీసుకుని తను మరోసారి చదువుకుంది. చదివి ఏమందో తెలుసా?

"ఇది లెక్క కాదండీ, భయం."

నేను కాదన్నాను. మా బావ లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి ఇరవయ్యో అంతస్తు దాకా వెళ్తాడు, ఆయనకేం భయం అన్నాను. "నా కుర్చీ ఎక్కడానికి భయపడేవాళ్ళు ఎవరూ భయమని చెప్పరు. ఎంతసేపు పడుతుంది డాక్టరుగారూ అంటారు. దారిలో ట్రాఫిక్ అంటారు. ఆఫీసులో పని అంటారు. నొప్పి మాట తప్ప అన్నీ మాట్లాడతారు. మీ బావగారు అచ్చం అలాగే రాశారు" అంది.

ఇన్నేళ్ళ నుంచీ నిన్ను చూస్తున్నవాణ్ణి నాకు తెలియలేదు. ఒక్క ఉత్తరం చదివి ఆవిడ పట్టేసింది. మాట తిప్పకుండా చెప్పు బావా. విమానం అంటే భయమా?

నీ బావమరిది

*

అయిదో అంతస్తు,
ఏప్రిల్

బావమరిదికి,

భయమే. పట్టుబడ్డాక బుకాయించడం ఎందుకు? చెల్లెమ్మకి నా నమస్కారాలు. ఆవిడ కుర్చీ మాత్రం నేను ఎక్కను.

నవ్వే ముందు నా వాదన కూడా విను. నేను లిఫ్టు నెత్తిన ఎందుకు ధైర్యంగా నిలబడతాను? తాళ్ళుంటాయి కాబట్టి. ఒకటి కాదు, ఆరు. ఇనప తాళ్ళు, బొటనవేలంత లావు. ఒకటి తెగితే మిగతా అయిదూ మోస్తాయి. అన్నీ తెగినా పెట్టె కింద ఒక పట్టు ఉంటుంది, అది అటూ ఇటూ పట్టాలని కరుచుకుని ఆపేస్తుంది. ప్రతి తాడునీ నేను చేత్తో తడిమి చూస్తాను. ఇప్పుడు చెప్పు, నీ విమానం దేన్ని పట్టుకుని వేలాడుతోంది? పైన కట్టిన కొస ఏది? తాడూ బొంగరం లేని ఆ వస్తువులో నా పెళ్ళాన్ని కూర్చోబెట్టి తీసుకురమ్మంటావు. నేను అడిగితే గాలి మోస్తుందంటారు. గాలి కిటికీ తలుపునే సరిగ్గా పట్టుకోలేదు కదరా.

నా దగ్గర ఒక ఉపాయం ఉంది. జూన్‌లో మీ అక్క హాస్టలుకి సెలవులు. వార్డెను ఉద్యోగంలో ఆవిడకి ఊపిరి దొరికేది అప్పుడే. నేల మీద వచ్చేస్తాం. ఇక్కణ్ణించి రేవుదాకా బస్సు, అక్కడ పెద్ద పడవ, అవతలి ఒడ్డు నుంచి మీ ఊరికి రైలు. మూడు రోజులు పడుతుంది. పడితే పడనీ. మే తారీఖుని జూన్‌కి మార్చు. ఇదే ఆఖరి వాయిదా, నా మాట నమ్ము.

మీ అక్కతో ఈ ఉత్తరాల సంగతి ఎత్తకు. భార్య ముందు మగవాడికి కాస్త పరువుండాలి.

మీ బావ

*

కళ్ళద్దాల షాపు,
మే

పిరికి బావకి,

జూన్ మూడో శుక్రవారం. ఇది ఖాయం. గుమాస్తాకి ఇప్పుడు నేను బాగా అలవాటయ్యాను, కుర్చీ వేసి మంచినీళ్ళిస్తున్నాడు.

డాక్టరు నీకు కబురు చెప్పమంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అన్నయ్యగారి మీద నాకు కోపం లేదు. కానీ ఒకటికి రెండుసార్లు కదిలిన పన్ను మూడోసారి కూడా కదిలితే నేను ఇక ఉంచను, పీకేస్తాను." నవ్వుతూనే అంది గానీ చేతులు కడుక్కుంటూ అంది. ఆవిడ చేతులు కడుక్కుందంటే తర్వాత ఏదో ఒకటి పీకుతుందని ఈ వీధిలో అందరికీ తెలుసు. బావా, నాకు భయంగా ఉంది. ఈ వయసులో నన్ను చూసి నవ్వే మనిషి ఒకరు దొరికారు. పోగొట్టుకుంటే మళ్ళీ దొరకరు.

నేల మీదైనా సరే, పాకుతూ అయినా సరే, రావలసిందే. దారిలో పడవ ఊగినా భయపడతావేమో, అక్క చెయ్యి పట్టుకో. అక్కకి భయమంటే ఏమిటో తెలీదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు వీధికుక్క నా మీదికొస్తే చేతిలో ఉన్న చేటతో దానికి ఎదురెళ్ళింది. కుక్క ఆ పేట వదిలేసి పోయింది. ఆవిడ ధైర్యంలో కాణీ ఎత్తు నీకుంటే నా పెళ్ళి మార్చిలోనే అయిపోయేది.

నీ బావమరిది

*

అయిదో అంతస్తు,
జూన్ మొదటి వారం

బావమరిదికి,

చావు కబురు చల్లగా చెబుతున్నానని తిట్టకు. ఈ ఏడాది గాలులు ముందే మొదలయ్యాయి. పడవని రేవులో కట్టేశారు. ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలీదు. రేవు ఆఫీసుకి ఫోన్ చేస్తే, "సముద్రాన్ని అడగండి" అని పెట్టేశాడు.

వానలు తగ్గేదాకా ఆగగలవా? చెల్లెమ్మకి నేను విడిగా రాయమంటే రాస్తాను, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. తప్పంతా నాది అని చెప్పు.

అక్కని ఒక్కదాన్నే విమానంలో పంపమని అంటావు. ఆ మాట అడక్కు. పంపను.

మీ బావ

*

షాపు,
జూన్, ఆదివారం

బావగారికి,

గారు అన్నానని మురిసిపోకు. కోపం వచ్చినప్పుడు మర్యాద ఎక్కువవుతుంది నాకు.

నీ ఉత్తరం డాక్టరుకి చూపించలేదు. చూపిస్తే నా పెళ్ళి ఆ క్షణమే అయిపోతుంది, అంటే లేకుండా పోతుంది. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి వేస్తున్నావు. మొదట తనిఖీ, తర్వాత తాళ్ళు, ఇప్పుడు సముద్రం. ఇకముందు నక్షత్రాలు అడ్డొస్తాయి.

నీకు భయమైతే నువ్వు అక్కడే ఉండి నీ తాళ్ళకి గ్రీజు రాసుకో. అక్కని ఎందుకు ఆపుతావు? పంపను అనడానికి నువ్వెవరు? నీ పిరికితనానికి ఆవిడ కూడా కాపలా కాయాలా? ఇరవై ఎనిమిదేళ్ళు నీలాంటి మనిషితో అక్క ఎలా వేగిందో నాకు అర్థం కావడం లేదు. నువ్వు మగాడివి కావు సరే, కనీసం పక్కకి తప్పుకునే మనిషివైనా కావు.

ఇదే నా ఆఖరి ఉత్తరం.

*

బాలికల హాస్టల్, సెలవుల్లో ఖాళీగా ఉన్న ఆఫీసు గది,
జూన్, గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

ముందు లేచి నిలబడు. నిలబడి చదువు.

నీ ఉత్తరం నాకు దొరికింది. మీ బావ దాన్ని పనిసంచీలో స్పానర్ల కింద దాచారు. కారియరు కడగడానికి తీస్తుంటే చేతికి గ్రీజుతో పాటు అదీ అంటుకుంది. చదివాను. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి, దాచుకున్న నీ ఉత్తరాలన్నీ చదివించుకున్నాను. ఆయన చదువుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మీ బావ పిరికివాడు కాదు. పిరికిదాన్ని నేను.

నేను మెట్లెక్కేది వ్యాయామానికి కాదురా. లిఫ్టు మెకానిక్ ఇంట్లో ఉండి ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను లిఫ్టు ఎక్కలేదు. తలుపు మూసుకుని కాళ్ళ కింద నేల కదిలితే నా ప్రాణం నాలో ఉండదు. నీ పెళ్ళి కబురు వచ్చిన మర్నాడే, అలవాటు చేస్తానని మీ బావ నన్ను పెద్ద బిల్డింగుకి తీసుకెళ్ళి లిఫ్టులో నిలబెట్టారు. మూడో అంతస్తు దాటకుండానే కింద కూలబడ్డాను. ఎవరో ఆఫీసరు ఎక్కి, "ఏం పడిపోయిందండీ?" అని తనూ వంగి నా పక్కన వెతకడం మొదలెట్టాడు. మీ బావ సిగ్గుపడకుండా, "చెవి రింగు" అన్నారు. పదో అంతస్తు దాకా ముగ్గురం వెతికాం.

ఒంట్లో బాగాలేదని రాయండి అన్నాను ఆయనతో. "నీకు బాగాలేదంటే వాడు పెళ్ళి మానేసి ఇక్కడికొచ్చి కూర్చుంటాడు. ఆ భయమేదో నాకే ఉందని రాస్తాను. నన్ను వాడు ఎలాగూ గౌరవించడు" అన్నారు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడమే నా తప్పు. ఆయన చేత ఇన్ని మాటలు పడనిచ్చాను.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? అమ్మ పోయిన ఏడు ఉరుము ఉరిమితే నువ్వు వచ్చి నా వెనక దూరేవాడివి. నాకూ వణుకొచ్చేది. కానీ వెనక నువ్వుంటే నేనెక్కడ దూరను? అలా నిలబడటం అలవాటైపోయింది. ఆ కుక్క మీదికి కూడా నేను వెళ్ళలేదురా, కాళ్ళు వెనక్కి రాక ముందుకి పడ్డాయి. నువ్వు మాత్రం ఊరంతా చాటింపు వేశావు. అప్పటి నుంచీ నీకోసం నేను పులిగానే ఉండిపోయాను. ఇక్కడ మూడు వందల మంది ఆడపిల్లలు నన్ను చూసి హడలిపోతారు. వాళ్ళకి తెలిస్తే నా బతుకేం కాను?

ఇప్పుడు అసలు సంగతి. మధ్యాహ్నం నేనే వెళ్ళి రెండు టికెట్లు కొన్నాను. బుధవారం విమానం. కౌంటరులో అమ్మాయి కిటికీ పక్కన కావాలా అంటే, కిటికీ లేని విమానం ఉందా అని అడిగాను. చచ్చేంత భయంగా ఉంది, అయినా వస్తున్నాను. పెళ్ళికి అనుకునేవు. కాదు. నా మొగుణ్ణి మగాడివి కావన్నావు, ఆ నోటితోనే ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నీ ఎదురుగా నిలబడటానికి వస్తున్నాను. పనిలో పనిగా నీ పెళ్ళి కూడా చూస్తాను.

మరదలితో చెప్పు, పన్ను పీకొద్దని.

అక్క

*

కళ్ళద్దాల షాపు,
జూన్, శనివారం

బావా,

ఈ ఉత్తరం మీరు బయల్దేరేలోపు అందుతుందో లేదో. ఏం రాయాలో తెలియడం లేదు. తిట్టడానికి అన్ని మాటలు దొరికాయి, క్షమించమనడానికి ఒక్కటి దొరకడం లేదు.

అక్క ఉత్తరం నిలబడే చదివాను. డాక్టరు కూడా నిలబడి చదివింది. చదివి, "తప్పు నాది. భయం అని పట్టుకున్నాను గానీ ఎవరిదో అడగలేదు" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, అద్దాలు తీసి పక్కన పెట్టి, వాటి మీద తనే కూర్చుంది. ఈసారి నిజంగా ప్రమాదమే.

విమానాశ్రయం బయట ఉంటాను. ఏం అనాలనుకుంటే అది అను.

నీ బావమరిది

*

రేవు దగ్గర బస, పై గది,
జులై

బావమరిదికి, చెల్లెమ్మకి,

మీ పెళ్ళయి రెండు వారాలైంది. నేను ఇంకా మీ దేశంలోనే ఉన్నాను. మీ ఊరి నుంచి రైల్లో సుఖంగా వచ్చాను గానీ, నిన్న వదిలిన పడవని ఇవాళ మళ్ళీ కట్టేశారు. ఈ గదికి ఒకటే కిటికీ. అందులోంచి ఆ పడవ ఒక్కటే కనిపిస్తుంది. అది కదలదు, నేనూ కదలను.

హాస్టలు తెరుస్తారని మీ అక్క విమానంలో వెళ్ళిపోతుంటే నేను ఎందుకు ఆగిపోయానని అడిగావు. ఈ దారి కూడా చూడాలని ముచ్చటగా ఉందన్నాను. నువ్వు నమ్మావు. నన్ను ఇంత తేలిగ్గా నమ్మేవాడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే. విను, జరిగింది చెబుతాను.

వచ్చేరోజు మీ అక్క సీట్లో కూర్చుంటూనే కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు విరుగుతాయేమో అనుకున్నాను. నేను గొప్పగా ధైర్యం చెబుతున్నాను. ఏం లేదే, బస్సు లాంటిదే, రోడ్డు లేని బస్సు అని. అంతలో విమానం లేచింది. కిటికీలోంచి చూశాను. రెక్క ఊగుతోంది! ఇనప రెక్క, చెట్టుకొమ్మలా ఊగుతోంది. ఈ అయిదు నెలలూ నీకు రాసిన ఉత్తరాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఒరేయ్, భయం ఉందని రాసింది అబద్ధమే గానీ రాసిన వాదన అబద్ధం కాదురా. నిజంగానే తాడు లేదు! నేను ఎన్నడూ ఆ సంగతి కుదురుగా ఆలోచించలేదు. నీకోసం అల్లుతూ అల్లుతూ నేనే అందులో ఇరుక్కున్నాను.

నా మాట ఆగిపోయేసరికి మీ అక్క ఒక కన్ను తెరిచింది. నా మొహం చూసింది. ఇక చూసుకో! హాస్టలులో పిల్లకి జ్వరమొస్తే ఎలా లేస్తుందో అలా లేచింది. "తల వంచండి. గట్టిగా ఊపిరి తీసుకోండి. కిటికీ మూయండి" అంది. నీళ్ళు తెప్పించింది. ముందు సీటువాడు కుర్చీ వెనక్కి వాల్చితే వాడికి నాలుగు వడ్డించి నిటారుగా కూర్చోబెట్టింది. దిగేసరికి ఆ వరసంతా చేతులు కట్టుకుని కూర్చుంది. ఆవిడ భయం మొత్తం నాకొచ్చింది, నా ధైర్యం మొత్తం ఆవిడకి పోయింది.

బయట నువ్వు నా పెట్టె లాక్కుని, అన్న మాట వెనక్కి తీసుకున్నానంటూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే నేనేమీ అనకుండా నిన్ను వాటేసుకున్నాను. పెద్దమనసు అనుకున్నావు. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి నాకు, నువ్వు దగ్గరగా దొరికావు. పెళ్ళిలో కూడా నేను గోడకి ఆనుకునే ఉన్నాను. మీ అక్క ఎవరితోనూ అనలేదు. ఈసారి ఆవిడ దాచింది. దాచడంలో నాకన్నా నేర్పరి.

చెల్లెమ్మా, నవ్వుతున్నావని తెలుసు. ఒక్క మాట మాత్రం రాయి, ఇది నయమవుతుందా?

మీ బావ

*

అయిదో అంతస్తు,
జులై, శనివారం మధ్యాహ్నం

తమ్ముడికి, మరదలికి,

ఒక్కదాన్నే ఎలా వెళ్ళానని అడుగుతూ మరదలు రాసింది. ఏముంది, ఎక్కాను, దిగాను. పక్కసీటులో ఒక పెద్దాయన ఎక్కీ ఎక్కగానే గుర్రు పెట్టాడు. మొదట్లో భయం వేసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పట్టుకోవడానికి చెయ్యి లేదు. భయపడటానికి కూడా పక్కన మనవాళ్ళుండాలిరా. ఒంటరిదానికి ఎంతసేపని భయం ఉంటుంది? అదే విసుగెత్తి పోయింది.

గంటంపావులో దిగాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఇంటికొచ్చి, తాళం తీసి, ఏం చేశానో తెలుసా? కుర్చీ వేసుకుని మీ బావ కోసం ఎదురుచూశాను. పెళ్ళయ్యాక నేను ఆయన లేకుండా ఈ ఇంట్లో ఒక్క పూట కూడా లేను. హాస్టలులో పొద్దంతా పిల్లల మీద అరిచి ఇంటికొస్తే, నా మీద విసుక్కునేవాళ్ళు లేరు. రెండు కప్పుల కాఫీ కలిపి, ఒకటి తాగి, రెండోది చూస్తూ కూర్చుంటున్నాను. ఇలా పది రోజుల నుంచి. మరి నేను తొందరగా వచ్చినట్టా, రానట్టా?

పొద్దున ఆయన ఫోన్ చేశారు. రేపు పడవ వదలొచ్చట, వదలకపోవచ్చట. గొంతు నీరసంగా ఉంది. అన్నం తిన్నారా అంటే కిటికీలోంచి పడవ కనిపిస్తోంది అన్నారు. ఇక నావల్ల కాదు. హాస్టలు తాళాలు అసిస్టెంటు చేతిలో పెట్టి, సాయంత్రం బస్సుకి మా వైపు రేవుకి బయల్దేరుతున్నాను. పడవ వస్తే ఆయన దిగేసరికి ఒడ్డున ఉంటాను. రాకపోతే, ఇటునుంచి పోయే మొదటి పడవ నేనే ఎక్కుతాను. సోమవారం పొద్దున్నకి రాలేకపోతే హాస్టలు ఒక పూట నేను లేకుండానే బతుకుతుంది.

మేమిద్దరం ఎప్పటికి ఇల్లు చేరతామని మాత్రం అడక్కండి. మాకేం తొందర లేదు.

అక్క